జూవే: ఒంటినిండా బురదతో తెల్లవారే పండుగ – తరచుగా అడిగే ప్రశ్నలు

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చాను. అక్కడ తీయించుకున్న ఫోటో ఒకటి మా హాల్లో గోడకి ఉంది. జుట్టు నుంచి బూట్ల దాకా బురద, ఆ బురదలోంచి రెండు కళ్లు, పళ్ల వరస. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ దాని ముందు ఆగుతారు. మా పెద్దమ్మయితే "ఎక్కడ పడ్డావురా?" అని కంగారు పడింది. పడలేదు పెద్దమ్మా, డబ్బులు కట్టి మరీ పూయించుకున్నా అంటే ఇంకా కంగారు పడింది. ఆ ఫోటో చూసి జనం అడిగేవన్నీ, వాటికి నేను చెప్పేవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఆ పండుగ పేరేమిటి? ఎలా పలకాలి?

జూవే. 'వే' కాస్త సాగాలి. ఫ్రెంచిలో 'జూర్' అంటే రోజు, 'ఊవేర్' అంటే తెరుచుకున్నది. ట్రినిడాడ్ జనం ఒకప్పుడు ఇళ్లలోనూ బజార్లోనూ మాట్లాడిన పాత్వా అనే ఫ్రెంచి క్రియోల్‌లో ఆ రెండూ అరిగి అరిగి జూవే అయ్యాయి. మనకి పొద్దు పొడుస్తుంది, వాళ్లకి పొద్దు తెరుచుకుంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి నేను మొదట్లో 'జోవర్ట్' అని చదివాను. ఆఫీసులో ఆ నవ్వులు ఆగడానికి చాలా రోజులు పట్టింది.

ఎప్పుడు జరుగుతుంది?

క్రైస్తవుల భస్మ బుధవారానికి ముందొచ్చే సోమవారం తెల్లవారుజామున. బుధవారంతో తపస్కాలం మొదలవుతుంది. ఆ నలభై రోజుల నియమాలకు ముందు తనివితీరా ఆడుకోవడమే కార్నివాల్, దానికి తొలి ఘట్టం జూవే. ఈస్టర్‌తో పాటు తేదీ ముందుకీ వెనక్కీ జరుగుతుంది: 2026లో ఫిబ్రవరి 16, 2027లో ఫిబ్రవరి 8, 2028లో ఫిబ్రవరి 28.

రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో లెక్క ప్రకారం నాలుగింటికి మొదలు. అప్పుడు మనకి మధ్యాహ్నం ఒకటిన్నర. సోమవారం పొద్దున మొదలైన కార్నివాల్ మంగళవారం అర్ధరాత్రికి ముగుస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ రెండు రోజులూ ప్రభుత్వ సెలవుల జాబితాలో లేవు. అయినా ఎవరూ పనిలోకి వెళ్లరు, ఎవరూ రమ్మనరు.

ఈకలు, పూసలు, తళుకుల బట్టల్లో ఊరేగేది ఇదేనా?

కాదు. మీరు టీవీలో చూసే ఆ ఊరేగింపు సోమవారం మధ్యాహ్నం, మంగళవారం జరుగుతుంది. దాన్ని 'ప్రెటీ మాస్' అంటారు, అంటే ముచ్చటైన వేషం. జూవే 'డర్టీ మాస్', మురికి వేషం. మాస్ అంటే మాస్కరేడ్‌కి పొట్టిపేరు. అక్కడ వేషం 'వేసుకుంటారు' అనరు, 'మాస్ ఆడతాం' అంటారు. మన దగ్గర నాటకం ఆడతాం, భాగవతం ఆడతాం అన్నట్టే.

ఏది గొప్పది అని అక్కడ ఇద్దర్ని అడిగితే మూడు జవాబులొస్తాయి. నా ఓటు మాత్రం మురికికే. ఈకల ఊరేగింపు చూడ్డానికి బావుంటుంది. జూవే చూసేది కాదు, అందులో కలిసి నడవాల్సిందే.

అంత చీకట్లోనే ఎందుకు? హాయిగా తెల్లారాక ఆడుకోవచ్చుగా?

ఇదే అసలు ప్రశ్న. దీనికి జవాబు చెరకు తోటల్లో మొదలవుతుంది.

ట్రినిడాడ్ అప్పుడు స్పెయిన్ చేతిలో ఉంది. జనం తక్కువ. 1783లో స్పెయిన్ రాజు ఒక ఉత్తర్వు ఇచ్చి, కాథలిక్కులైతే చాలు, వచ్చి భూములు తీసుకోండి అన్నాడు. చుట్టుపక్కల దీవుల్లోని ఫ్రెంచి దొరలు తమ బానిసలను వెంటబెట్టుకుని దిగారు. దొరలతో పాటు వాళ్ల కార్నివాలూ దిగింది. 1797లో దీవి బ్రిటిష్‌వాళ్ల చేతికి పోయినా దొరల అలవాట్లు పోలేదు. క్రిస్మస్ నుంచి భస్మ బుధవారం దాకా బంగళాల్లో ముసుగులు వేసుకుని నాట్యాలు, విందులు.

ఆ దొరలకు ఇష్టమైన వేషాల్లో ఒకటి పొలంలో పనిచేసే తమ బానిస వేషం. మరో సరదా, చెరకు తోట తగలబడ్డప్పటి హడావిడిని నటించడం. నిజంగా తోట అంటుకుంటే శంఖాలు ఊది, చుట్టుపక్కల తోటల బానిసల్ని కాగడాలతో, కొరడా దెబ్బలతో అర్ధరాత్రి తోలుకొచ్చి, కాలకముందే చెరకు కొట్టించేవాళ్లు. కాలిన చెరకును ఫ్రెంచిలో 'కాన్ బ్రూలే' అంటారు, అది జనం నోట 'కాంబూలే' అయింది. ఒకరి ప్రాణం మీదికొచ్చే పని ఇంకొకరికి విందులో వినోదం.

1834 ఆగస్టు 1న బానిసత్వం రద్దు చట్టం అమల్లోకి వచ్చింది. అప్రెంటిస్ పేరుతో మరో నాలుగేళ్లు చాకిరీ చేయించుకుని 1838లో నిజంగా వదిలారు. అప్పుడు వీధిలోకి వచ్చిన జనం ఆ కాంబూలేను తమదిగా లాక్కున్నారు. కాగడాలు అవే, అరుపులు అవే, డప్పులు తమవి, కర్రలూ తమవే. మొదట విడుదలైన రోజుకు గుర్తుగా ఆగస్టులో ఆడారు, తర్వాత కార్నివాల్‌కి జోడించారు. ఆదివారం దేవుడి రోజు, ఆ రోజు ఆడకూడదు. కాబట్టి ఆదివారం అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే కాగడాలు వెలిగేవి.

మరి ఆ కాగడాల ఊరేగింపు ఏమైంది?

పోలీసులు ఆపారు. 1870ల నాటికి పోర్ట్ ఆఫ్ స్పెయిన్ పెద్దమనుషులకు ఈ రాత్రి కార్నివాల్ అంటే అసహ్యం పట్టుకుంది. బస్తీల్లో ఉండి వీధిలో ఆడే జనాన్ని 'జామెట్' అనేవాళ్లు. మర్యాద అనే గీతకి కింద ఉన్నవాళ్లని అర్థం. పోలీసు అధికారి కెప్టెన్ బేకర్ 1880లో కాగడాలు, కర్రలు, డప్పులు అప్పజెప్పమంటే జనం గొడవ లేకుండా ఇచ్చేశారు. 1881లో మళ్లీ అడిగాడు. ఈసారి వాళ్లు సిద్ధంగా ఉన్నారు. వీధి దీపాలు పగిలాయి. కర్రసాములో ఆరితేరిన బస్తీ వీరులకీ పోలీసు లాఠీలకీ ముఖాముఖి పోరు జరిగింది. మర్నాడు గవర్నర్ ఫ్రీలింగ్ స్వయంగా వచ్చి, పోలీసుల్ని బ్యారక్స్‌లోనే ఉంచుతానని జనానికి మాటిస్తే గాని చల్లబడలేదు.

ప్రభుత్వం మర్చిపోలేదు. 1884లో చట్టం తెచ్చి కాగడాలు, డప్పులు, కర్రలు పట్టిన గుంపులు అన్నీ నిషేధించింది. కార్నివాల్ సోమవారం పొద్దున ఆరింటికి ముందు మొదలుకాకూడదంది. రాత్రి పోయింది, పొద్దు తెరుచుకునే వేళ ఒక్కటే మిగిలింది. ఆ మిగిలిన వేళలోనే జనం తమ రాత్రినంతా కుక్కారు. అదే జూవే. తర్వాత కాలంలో గడియారం ముల్లు మెల్లమెల్లగా మళ్లీ చీకట్లోకి జరిగింది.

పాత కాంబూలేని ఇప్పటికీ చూడొచ్చు. కార్నివాల్‌కి ముందు శుక్రవారం తెల్లవారుజామున పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పికడిలీ వీధి దగ్గర 1881 గొడవను నాటకంగా ఆడతారు. నేను వెళ్లిన ఏడాది నా పక్కన కూర్చున్న ముసలాయన పోలీసు వేషాలు రంగం మీదికి రాగానే నిజంగానే తిట్టడం మొదలుపెట్టాడు.

సరే, ఆ బురదేమిటి?

మామూలు బంకమట్టి, నీళ్లు. పీపాల్లో కలిపి, ట్రక్కు మీద పెట్టి ఊరేగింపుతో పాటు లాక్కెళ్తారు. ఫిబ్రవరి తెల్లవారుజామున ఆ మట్టి ఎంత చల్లగా ఉంటుందో ముందు ఎవరూ చెప్పరు. నా మొదటి జూవేలో నేను పీపా పక్కన చొక్కా అంచు పట్టుకుని తటపటాయిస్తుంటే, ముక్కూ మొహం తెలియని ఒకావిడ వెనక నుంచి వచ్చి ఆప్యాయంగా కావలించుకుంది. ఆవిడ ఒంటి మీదున్న బురదంతా నాకు అంటింది. "ఇప్పుడు నువ్వు వచ్చినట్టు" అని వెళ్లిపోయింది.

మట్టి ఒక్కటే కాదు. రంగు నీళ్లు, నూనె, మసి, కోకో కలిపిన చాక్లెట్ ముద్ద... కలిసి ఆడే గుంపును, అంటే బ్యాండును బట్టి ఉంటుంది. కారణం అడిగితే చాలామంది 'ఊరికే సరదా' అంటారు. అది అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. దొర తెల్లబట్టలతో గుర్రం మీద ఉంటే పొలంలో ఉన్నవాడికి మట్టి, మసి, చెరకు మడ్డి తప్ప ఒంటి మీద ఏముంది? ఏ మురికిని చూపించి మనిషిని తక్కువ చేశారో ఆ మురికినే రెండు చేతులతో ఎత్తి పూసుకుని, 'ఇప్పుడు నన్నేం చేస్తావు' అని వీధి మధ్యలో నిలబడటం అది. శుభ్రంగా ఉన్నవాడే ఆ పొద్దున భయపడుతూ పక్కకి తప్పుకోవాలి.

ఇంకోటి కూడా ఉంది. బురద పూసుకున్నాక ఎవరు ఎవరో తెలియదు. ఒకసారి నాతో గంటసేపు భుజం భుజం రాసుకుంటూ నడిచినాయన, తెల్లారాక గొంతు విని గుర్తుపట్టాను, మా కంపెనీలో నా సెలవు కాగితాలు ఎప్పుడూ వెనక్కి పంపించే పెద్దసారు. బుధవారం ఆఫీసులో ఇద్దరం ఏమీ జరగనట్టే ఉన్నాం. సెలవు కాగితాలు మాత్రం మళ్లీ వెనక్కే వచ్చాయి.

కొమ్ములు పెట్టుకుని నీలంగా ఉన్నవాళ్లెవరు? దయ్యాలా?

దయ్యాలే. పాత్వాలో 'జాబ్' అంటే దయ్యం.

బాగా పాతవాటిలో ఒకటి జాబ్ మొలాసీ, చెరకు మడ్డి దయ్యం. చక్కెర కాచేటప్పుడు మిగిలే ఆ నల్లటి జిగురు పాకాన్ని ఒంటికి పట్టించి, తోక, కొమ్ములు తగిలించుకుని, గొలుసులు ఈడ్చుకుంటూ వస్తాడు. మరుగుతున్న చెరకు పాకంలో పడి చచ్చిన బానిస తిరిగి వచ్చాడని కథ చెబుతారు. డబ్బులిస్తే సరే, లేకపోతే నీ తెల్లచొక్కాకి ఒళ్లు రాస్తానని బెదిరిస్తాడు. దయ్యానికి దక్షిణ వెయ్యి, అదే ఆట.

నీలం దయ్యాలది పారామిన్ అనే కొండ ఊరు, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కి పైన ఉంటుంది. అక్కడి రైతులు పండించే ఆకుకూరలు, సుగంధ ఆకులు ఊరంతా వండుకుంటుంది. కార్నివాల్ సోమవారం మాత్రం ఆ రైతులే ఒళ్లంతా నీలం పట్టించి, నోట్లోంచి మంటలు ఊదుతూ, నేల మీద పొర్లుతూ, నోటి వెంట నురగలాంటి ఎర్రరంగు కార్చుకుంటూ దిగుతారు. పాతరోజుల్లో ఆ నీలం బట్టలకు పెట్టే నీలమే. మన ఇళ్లలో తెల్లపంచెలు ఉతికి ఆఖర్న ముంచే అదే నీలిమందు. పక్కన కుర్రాళ్లు ఖాళీ బిస్కెట్ డబ్బాలు కర్రపుల్లలతో ఒకే దరువు కొడుతూ ఉంటారు. ఆ దరువు మారదు, వేగం పెరగదు, ఆగదు. పావుగంట విన్నాక మీకే నోట్లోంచి మంట వస్తుందేమో అనిపిస్తుంది.

దయ్యాలు కాని వేషాలూ బోలెడు. డేమ్ లొరేన్ అని ఒకావిడ: ఎత్తుపల్లాలు దిండ్లతో పెంచేసి, విసనకర్ర ఊపుకుంటూ, ముక్కెత్తి నడిచే ఫ్రెంచి దొరసాని. ఒకప్పుడు ఇది ఆదివారం రాత్రి పెరళ్లలో ఆడే ప్రహసనం. దొరలు బానిస వేషం వేసినందుకు బాకీ వడ్డీతో తీర్చుకున్నారన్నమాట. ఈ వేషం ఎక్కువగా మగవాళ్లే కట్టేవాళ్లు.

'ఓల్ మాస్' అంటే?

ఓల్డ్ మాస్ అన్నమాట. పాత బట్టలు, ఇంట్లో పారేసే సామాను, ఒక అట్టముక్క, దాని మీద ఒక వాక్యం. ఆ ఏడాది రాజకీయాలు, కుంభకోణాలు, రోడ్ల గుంతలు, నీళ్ల కోత, పెద్దల ఇళ్లలో గొడవలు ఏవీ వదలరు. అంతా మాటల విరుపు మీదే నడుస్తుంది. ఒక మాట రెండు అర్థాలు ఇవ్వాలి, రెండోది బయటికి అనలేనిదై ఉండాలి. మన అవధానాల్లో అప్రస్తుత ప్రసంగి ఎలా గిల్లుతాడో అలా. నేను చూసినవాటిలో మర్చిపోలేనిది ఒక బక్కపల్చటి మనిషి: నడుముకి ప్లాస్టిక్ టబ్బు, మెడలో తుప్పుపట్టిన కుళాయి, తలకి షవర్ టోపీ. అట్టముక్క కూడా లేదు. చూసినవాళ్లందరికీ అర్థమైంది, ఎందుకంటే అందరిళ్లలోనూ కుళాయి అదే పరిస్థితిలో ఉంది.

కొత్తగా వచ్చినవాళ్లకి ఇందులో సగం అర్థం కాదు. వెళ్లేముందు వారం రోజులు అక్కడి పేపర్లు చదవండి.

సంగీతం ఎలా ఉంటుంది?

డప్పులు నిషేధించారని చెప్పానుగా. జనం వెదురు కొట్టుకొచ్చారు. రకరకాల పొడుగుల్లో నరికి, లావువి నేలకేసి దంచుతూ, సన్నవి పుల్లతో కొడుతూ వాయించేవాళ్లు. దాని పేరు తంబూ బాంబూ. వెదురు పగిలిపోతుంది, కాబట్టి 1930ల్లో బస్తీ కుర్రాళ్లు చెత్త డబ్బాలు, బిస్కెట్ డబ్బాలు, పాత కార్ల ఇనుప సామాను అందుకున్నారు. ఒకే డబ్బా మీద ఒక్కోచోట ఒక్కో సొట్టకి ఒక్కో స్వరం పలుకుతుందని కనిపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఖాళీ ఆయిల్ డ్రమ్ముల మూతల్ని సుత్తితో లోతుగా కొట్టి స్వరాలన్నీ అమర్చారు. అదే స్టీల్‌పాన్. విన్‌స్టన్ 'స్ప్రీ' సైమన్, ఎలీ మానెట్, ఆంథనీ విలియమ్స్ లాంటివాళ్లు దాన్ని మలిచారు. పోలీసులు తరిమిన ఆ వాద్యం 1951లో లండన్ వెళ్లి ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌లో మోగింది, 1992లో దేశపు జాతీయ వాద్యమైంది. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ని ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా ప్రకటించింది.

జూవేలో స్టీల్‌బ్యాండ్లకి 'బాంబ్' అని ఒక సంప్రదాయం ఉంది. ఐరోపా శాస్త్రీయ సంగీతంలోని ఏదో పేరున్న రచనను తీసుకుని, తలుపులేసుకుని రహస్యంగా సాధన చేసి, కాలిప్సో అనే అక్కడి పాటల నడకలోకి మార్చి, సోమవారం పొద్దున వీధిలో పేల్చడం. వినే జనం అదిరిపోవాలి, పక్క బ్యాండు కుళ్లుకోవాలి.

ఇప్పుడు చాలా బ్యాండ్ల వెనక నడిచేది పెద్ద స్పీకర్లు కట్టిన మ్యూజిక్ ట్రక్కు. దాని పక్కన నడిస్తే పక్కటెముకలు అదురుతాయి. నాకు ట్రక్కు నచ్చదు. వీలైతే స్టీల్‌బ్యాండు వెంట నడవండి. వాద్యాలన్నీ చక్రాల బండ్ల మీద ఉంటాయి. ఆ బండ్లు తోసేది జనమే, ఎవరైనా చెయ్యి వేయొచ్చు. గుంత వచ్చినప్పుడు అందరూ ఒక్కసారి ఎత్తాలి, వాయించేవాళ్లు ఆపరు. ముందు ఒకడు కారు బ్రేక్ డ్రమ్మును రెండు ఇనుప చువ్వలతో కొడుతుంటాడు. వాడిని 'ఐరన్ మ్యాన్' అంటారు. నడక తప్పకుండా చూసేది వాడే.

డాన్స్ రాకపోతే?

ఫర్వాలేదు. అక్కడ వేసే అడుగు పేరు 'చిప్'. పాదం పూర్తిగా ఎత్తకుండా నేలకి రాసుకుంటూ, దరువుకి తగ్గట్టు ముందుకి జరగడం. రేషన్ క్యూలో జరిగినట్టే, కాకపోతే సంతోషంగా.

భారతీయులకు దీనితో ఏమైనా సంబంధం ఉందా? తెలుగువాళ్లకి?

ఉంది. బానిసత్వం పోయాక చెరకు తోటల్లో పనికి 1845 నుంచి 1917 దాకా భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో తీసుకెళ్లారు, లక్షా నలభై వేలకు పైగా. మొదటి ఓడ ఫతేల్ రజాక్, 1845 మే 30న చేరింది. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి ఎక్కిన భోజ్‌పురీ, అవధీ మాట్లాడేవాళ్లు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లు తక్కువ. వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి 'మద్రాసీలు' అనేశారు. తెలుగు అని వేరే గుర్తు మిగల్లేదు.

1884 చట్టాలు ఈ కూలీల మీద కూడా పడ్డాయి. మన పీర్ల పండుగను అక్కడ 'హోసే' అంటారు. హిందువులు, ముస్లింలు, నల్లవాళ్లు కలిసి తాజియాలతో, అంటే అలంకరించిన సమాధి నమూనాలతో ఊరేగేవాళ్లు. కాంబూలే గొడవలతో బెదిరిన ప్రభుత్వం తాజియాలు పట్టణంలోకి రాకూడదంది. జనం లెక్కచేయలేదు. 1884 అక్టోబర్ 30న శాన్ ఫెర్నాండో దగ్గర పోలీసులు కాల్చారు. కనీసం 16 మంది చనిపోయారు. కాంబూలే గురించి చెప్పేవాళ్లు దీన్ని కలిపి చెప్పడం తక్కువ. కలిపే చెప్పాలి: ఒకే ఏడాది, ఒకే భయం.

దరువుల్లోనూ మనవాళ్లున్నారు. హోసేలో, పెళ్లిళ్లలో మోగే తాషా డప్పును, తోలు మంట దగ్గర వేడి చేసి బిగించే ఆ డప్పునే, కార్నివాల్‌లోనూ వింటారు. 1970ల మొదట్లో లార్డ్ షార్టీ అనే గాయకుడు కాలిప్సోలో భారతీయ దరువులు కలిపి చేసిందే సోకా సంగీతం. ఇప్పుడు జూవే ట్రక్కుల మీద మోగేది ఎక్కువగా అదే. షార్టీ నల్లజాతివాడు, భారతీయుల మధ్య పెరిగాడు.

అయితే మన హోలీ లాంటిదేగా?

అందరూ అడిగేది ఇదే. ట్రినిడాడ్‌లో హోలీ వేరే ఉంది, ఫగ్వా అంటారు, దాదాపు అదే రుతువులో వస్తుంది. రెండింటినీ ఎవరూ కలపరు. ఎవరైనా పోలిక చెప్పే తీరాలంటే నేను తిరుపతి గంగమ్మ జాతర గుర్తుచేస్తాను: మసి, సుద్ద, కుంకుమ పూసుకున్న వేషాలు, ఆడవేషం కట్టిన మగవాళ్లు, ఆ కొద్దిరోజులు చెల్లిపోయే తిట్లు. కాకపోతే అక్కడ అమ్మవారికి మొక్కు, ఇక్కడ మొక్కు లేదు.

బ్యాండులో చేరాలా? ఊరికే వెళ్లి చూడొచ్చా?

బ్యాండు అంటే అక్కడ వాయించేవాళ్లే కాదు, కలిసి వేషం ఆడే గుంపు మొత్తం. డబ్బు కడితే టీషర్టు, తలకి గుడ్డ, మగ్గు లాంటివి ఇస్తారు. దారిలో తాగడానికి, పూసుకోవడానికి వాళ్లదే. చుట్టూ తాడు పట్టుకుని కాపలా ఉంటుంది. కొత్తవాళ్లకి ఇదే మంచిది.

కానీ ఒక మాట. కొన్ని బ్యాండ్లు ఇప్పుడు పెళ్లి ప్యాకేజీల్లా తయారయ్యాయి, బురద కూడా వాసన కలిపి ఇస్తున్నారు. చిన్న బ్యాండు, బస్తీ బ్యాండు దొరికితే వదలకండి. పక్కన నిలబడి ఊరికే చూడొచ్చు, ఎవరూ వద్దనరు. శుభ్రమైన బట్టలతో ఇంటికి చేరతానని మాత్రం ఆశపడకండి.

ఏం వేసుకోవాలి? ఏం తీసుకెళ్లాలి?

పారేయడానికి సిద్ధమైన బట్టలు, పారేయడానికి సిద్ధమైన బూట్లు. చెప్పులు వద్దు, చీకట్లో ఎవరి కాలు ఎక్కడ పడుతుందో తెలియదు. బయల్దేరేముందు ఒంటికి, జుట్టుకి కొబ్బరినూనె దట్టంగా పట్టించండి. అమ్మమ్మ చేతి అభ్యంగనంలా ఉండాలి. రంగు, మట్టి చర్మానికి పట్టవు, తర్వాత సులువుగా వదులుతాయి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోకండి. ఫోన్‌కి నీళ్లు చొరని సంచి, మెడలో తాడు. నేను మొదటి ఏడాది మామూలు ప్లాస్టిక్ కవరులో చుట్టాను. ఏడింటికల్లా ఫోన్ చచ్చిపోయింది.

సైనికుల బట్టల్లాంటి ఆకుపచ్చ మచ్చల డిజైన్ అసలు వేసుకోవద్దు. ఆ దేశంలో మామూలు జనం ఆ బట్టలు వేసుకోవడం నేరం, టోపీ అయినా సరే. ఇంటికి కారులో వెళ్లేట్టయితే సీట్ల మీద పరవడానికి ప్లాస్టిక్ గానీ పాత దుప్పటి గానీ ముందే పెట్టుకోండి. బురదతో ఉన్నవాణ్ణి టాక్సీ ఎక్కించుకోదు. నేను ఓసారి మా బంధువుల కోసం తీసుకున్న హోటల్‌కి అలాగే వెళ్తే, కాపలాదారు లోపలికి రానివ్వకుండా పెరట్లోకి తీసుకెళ్లి, కారు కడిగే పైపుతో నన్ను కడిగాడు. చాలా మర్యాదగానే కడిగాడు.

భద్రంగా ఉంటుందా? ముఖ్యంగా ఆడవాళ్లకి?

ట్రినిడాడ్‌లో నేరాలు తక్కువేమీ కాదు. 2025 కార్నివాల్ ఎమర్జెన్సీ అమల్లో ఉండగానే జరిగింది. కాబట్టి ఒంటరిగా వద్దు, నగలు వద్దు, డబ్బు కొద్దిగా చాలు, తిరుగు ప్రయాణం ముందే మాట్లాడుకోండి. చీకటి సందుల్లోంచి అడ్డదారిన నడవకండి.

ఈ ఆటలో ఆడవాళ్ల సంఖ్య మగవాళ్లకి ఏమాత్రం తక్కువ కాదు. నడుము తిప్పుతూ దగ్గరగా ఆడే 'వైన్' అనే నాట్యం అక్కడ మామూలు. ఇష్టమైతే ఆడతారు, లేకపోతే చెయ్యి అడ్డంపెట్టి పక్కకి జరుగుతారు. జరిగితే అర్థం చేసుకోవాలి. అర్థం చేసుకోనివాడికి అర్థమయ్యేట్టు చెప్పడానికి పక్కనున్న నలుగురు ఆడవాళ్లు చాలు. తాగాలని నియమమేమీ లేదు. నేను కొబ్బరినీళ్లతో రెండు జూవేలు నడిచాను.

తెల్లారాక ఏమవుతుంది?

ఆరున్నర లోపే సూర్యుడు వస్తాడు. అంతదాకా నల్లటి ఆకారాలుగా ఉన్న జనం మెల్లగా రంగుల్లోకి వస్తారు. బురద ఎండి బూడిదరంగుకి మారి, మోచేతుల దగ్గర, నవ్వినచోట బీటలు వారుతుంది. పాట మాత్రం ఆగదు. నాకు ఆ అరగంట కోసమే జూవే.

అప్పుడే ఆకలి తెలుస్తుంది. రోడ్డు పక్క డబుల్స్ బండి వెతకండి. పసుపు వేసిన మెత్తటి చిన్న పూరీల్లాంటి 'బారా'లు రెండు, వాటి మధ్య శనగల కూర, పైన చింతపండు పులుసు, కీరా, మిరపకాయ సాస్. 'బారా' అన్న పేరు భోజ్‌పురీ నుంచి వచ్చింది, మన వడకి చుట్టం. బండివాడు రెండు క్షణాల్లో కాగితంలో చుట్టి ఇస్తాడు. కారం ఎంత అని అడిగితే 'స్లైట్' అనండి. గుంటూరు పౌరుషం చూపించి 'ప్లెంటీ' అన్న స్నేహితుడు ఒకడున్నాడు. అక్కడి స్కార్పియన్ మిరపకాయ ప్రపంచంలోని ఘాటైనవాటిలో ఒకటని వాడికి ఆ పూట తెలిసింది.

మిగతా దీవుల్లో కూడా ఉందా?

ఉంది, తేదీలు వేరు. గ్రెనడాలో ఆగస్టులో. అక్కడ జూవే అంటే జాబ్ జాబ్: ఒళ్లంతా నల్లటి నూనె, తలకి కొమ్ముల టోపీ, గొలుసులు, శంఖాలు. వేల మంది నల్లగా మెరుస్తూ కొండవీధులు దిగుతుంటే ట్రినిడాడ్ జూవే కాస్త మర్యాదస్తురాలిలా అనిపిస్తుంది. సెయింట్ కిట్స్‌లో క్రిస్మస్ మర్నాడు. బార్బడోస్‌లో దాన్ని 'ఫోర్‌డే మార్నింగ్' అంటారు. లండన్ నాటింగ్ హిల్ కార్నివాల్ ఆగస్టు ఆఖర్న ఆదివారం పొద్దున జూవేతోనే మొదలవుతుంది.

న్యూయార్క్, న్యూజెర్సీ తెలుగువాళ్లకి దగ్గరిది బ్రూక్లిన్ జూవే, సెప్టెంబరు మొదటి సోమవారం, లేబర్ డే నాడు. 2015, 2016లో అక్కడ కాల్పులు జరిగి ప్రాణాలు పోయాక, 2017 నుంచి ఆరింటికి మొదలుపెడుతున్నారు. అవసరం అర్థమవుతుంది. కానీ పొద్దు తెరుచుకున్నాక మొదలయ్యే జూవే ఏమిటని అక్కడి పాతకాపులు గొణుగుతూనే ఉంటారు.

ఎప్పుడైనా ఆగిందా?

యుద్ధం వల్ల 1942 నుంచి 1945 దాకా వీధి కార్నివాల్ నిషేధించారు. 1972లో పోలియో వల్ల ఫిబ్రవరి నుంచి మే నెలకి వాయిదా వేశారు. వానల్లో తడుస్తూ ఆడారు. బురదకి ఆ ఏడాది నీళ్లు కలపనక్కర్లేకపోయిందని ముసలివాళ్లు ఇప్పటికీ జోకులేస్తారు. కోవిడ్‌తో 2021లో పూర్తిగా పోయింది, 2022లో వీధుల్లోకి రాలేదు, 2023లో తిరిగి వచ్చింది.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ జూవేకి వద్దు. సోమవారం మధ్యాహ్నం పారామిన్ నీలం దయ్యాల దగ్గరికి తీసుకెళ్లండి, రాత్రి పక్క తడపకపోతే నన్నడగండి.

ఆ బురద ఎన్నాళ్లకి పోతుంది?

ఒంటి మీదిది మూడు స్నానాలకి పోతుంది. జుట్టులోది వారం. చెవుల్లోది పోయిందనుకుని పదిరోజుల తర్వాత ఒక మీటింగులో చెవి గోక్కుంటే, ఎదురుగా కూర్చున్నావిడ నా వేలికి అంటిన మట్టి చూసి, తన చెవి వెనక నుంచి కొంచెం నీలం తీసి చూపించింది.